మడికాడ అనరాని మాట

నారు పోసుడు నేర్చుకుంటమని వచ్చే ఆడపిల్లలు నన్ను మొదలు అడిగేది ఒకటే. "అమ్మా, విత్తనం ఎంత లోతుల పడాలె?" నేను మొదలు చెప్పేది మాత్రం విత్తనం గురించి కాదు, భయం గురించి. భయం లేనోళ్లు ఈ పనికి రాకుండ్రి. బండి తోలేటోనికి ధైర్యం పనికొస్తదేమో. నారుమడి ముందల కూసునేటోళ్లకు భయమే అన్నం పెడ్తది. నేను పుట్టు పిరికిదాన్ని, గందుకే ఈ పనిల బతికిన.

దొర తోటల కూలిగ మొదలువెట్టిన. సర్కారు నర్సరీల మేస్త్రమ్మగ పని బంద్ జేసిన. నడుమ జీతం ఎప్పుడు పెరిగింది, ఏ సాబు మెచ్చుకున్నడు, అవేవీ నేను చెప్ప. వాటితోని మీకు ఒక్క మొలక రాదు. నేను నేర్సుకున్నదంత ఒక్క వానకాలంల నేర్సుకున్న. జంగ్, అంటే పెద్ద యుద్ధం, నడుస్తున్న దినాలవి. మేడ్చల్‌కు శామీర్‌పేటకు నడుమ ఉండేది ఆ తోట. ఆ సంగతే చెప్త.

మా అత్త చెయ్యి

తోటల నారు పని మా అత్త రాహేలుది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు దానియేలు, మా బావ. చిన్నోడు ఏసోబు, నా పెనిమిటి. నేను పెండ్లయి వచ్చేసరికే మా బావ ఊళ్లె లేడు. జంగ్ కోసం తూర్పు దిక్కు ఎక్కడ్నో అడవిల రోడ్లు ఏస్తున్నరని, దొరలు ఊరికి ఇంతమందని మనుషులను పట్టి పంపిండ్రు. గా కూలి దండుల మా బావ పోయిండు. పోయినోళ్ల కబురు ఏదీ రాకుంటుండె.

మా అత్త మడి కట్టుడు చూడాలె. శామీర్‌పేట చెరువు కట్ట కింది ఒండ్రు తెప్పిచ్చేది. దాంట్ల వాగు ఇసుక, మాగిన పెంట కలిపేది. మడిని జానెడెత్తు లేపి, దాని మీద ఎండిన ఆముదం కట్టెలు, ఆకులు పేర్చి మంట పెట్టేది. నేలల దాగిన తెగులు ఆ మంటకు పోతదని. సల్లారినంక ఆ బూడిద అండ్లనే కలిపేది. విత్తనాన్ని ఇసుకల కలిపి, వేళ్ల సందుల నుంచి వదిలేది. ఒత్తుగ పోసిన నారు ఒకదాని గొంతు ఒకటి పిసుక్కుంటదని అంటుండె. నీళ్లు కూడ కుండతోని కాదు, ఈత చీపురు ముంచి సిలకరిచ్చేది.

ఇగ ఆమె కట్టడి ఒకటుండె. మడికాడ "సచ్చింది" అనొద్దు. "కుళ్లింది" అనొద్దు, "పోయింది" అనొద్దు. నారు ఒరిగితె "పండుకుంది" అనాలె.

చూస్తె నిజంగ గట్లనే ఉంటది. లేత నారుకు తెగులు తగిలితె ఆకు పచ్చగనే ఉంటది. మొదలుకాడ, మట్టిని తాకే చోట, దారమంత సన్నబడి పక్కకు ఒరుగుతది. దూరం నుంచి చూసేటోళ్లకు నిద్రపోతున్నట్టే కనబడ్తది. దగ్గరికిపోయి వేలితోని లేపితె మొదలు తెగి చేతికొస్తది.

"పండుకున్నదాన్ని లేపొచ్చు పిల్లా. ఆ ఇంకో మాట అన్నంక ఎవరు లేపుతరు?" అంటుండె మా అత్త.

మా చర్చిల కూడ, ఎవరన్న కాలంజేస్తె పాస్టరయ్య "ప్రభువునందు నిద్రించెను" అనే అంటడు గదా. నాకు ఆ మాట వింత అనిపియ్యలే. కానీ మా అత్తకు అది మడికాడనే కాదు. మా బావ దండుల పోయినప్పటి నుంచి కోడి పోయినా, మేకపిల్ల పోయినా ఆ మాట నోట్లెకు రానియ్యలే. కొడుకు బాటల ఉన్నడు, నోట్లెకెళ్లి ఎల్లిన మాట బాట పట్టి ఎవన్నో ఒకన్ని దేవులాడి పట్టుకుంటదని ఆమె భయం. ఇంట్ల మేమంత ఆ భయంలనే మసిలినం.

కొత్త దరోగ

ఆ యేడు తోటకు కొత్త దరోగ వచ్చిండు. తోట మీద దొర పెట్టే పెద్ద అన్నట్టు. శహర్ మనిషి. తెలుగు మాట్లాడుతడు గని నడుమ నడుమ ఉర్దూల పడ్తడు. ఎండల కూడ షేర్వాని గుండీలు ఇప్పకుంటుండె.

బొల్లారం దిక్కు ఫౌజు క్యాంపుల సిపాయిలు సొంతంగ కూరగాయలు పెట్టుకుంటరట. వాళ్లకు గోబి నారు, సలాదు ఆకు నారు ఇస్తనని దొర మాటిచ్చిండు. సలాదు ఆకు అప్పటిదాక మేం ఎవ్వరం చూసింది లేదు. పచ్చిగనే నమిలి తింటరని చెప్తె మా అత్త నమ్మలే.

దరోగ మమ్ముల పిలిచి చెప్పిండు. "వచ్చే నెల మొదటి ఆదివారం దాటినంక బండ్లు వస్తయి. నారు నిలబడి ఉండాలె. లేకుంటె దొర ఫౌజుకు ఇంకో మనిషిని ఇయ్యాల్సి ఉంది గదా, ఈ మడి మనిషినే ఇస్తడు." కోపంగ అనలే. అన్నం అయిందా అని అడిగినట్టు అన్నడు. మడి మనిషి అంటే నా పెనిమిటి ఏసోబు.

నాకు అప్పుడు కడుపు. తొలి చూలు. దండుల పోయిన బావ ఎట్లుంటడో కూడ నాకు తెల్వదు, ఆయన గొంగడి మాత్రం ఇంట్ల దండెం మీద ఉంటుండె. దరోగ మాట ఇన్నప్పటి సంది దాని పక్కన ఇంకో గొంగడి ఏలాడుతున్నట్టు కండ్లముంగట కనబడేది. తెల్లారకముందే మడికాడికి ఉరికి, వంగి ఒక్కొక్క వరుస చూసుకునేదాన్ని. మొలకలు కాదు, నా పెనిమిటి ప్రాణం లెక్కనే చూసుకునేదాన్ని.

ఆ దరోగ గురించి మీరు చెడ్డోడని అనుకుంటరేమో. కాదు. కొట్టలే, తిట్టలే, ఆడోళ్ల దిక్కు ఓరకంట చూడలే. ఆయనకూ మా లెక్కనే భయం. కాకపోతె మా భయం మడి దిక్కు ఉండె, ఆయన భయం దొర దిక్కు ఉండె. పెద్ద నౌకరీలు చేసే సాబులను తర్వాత మస్తుమందిని చూసిన. ఎవలు ఎటు దిక్కు భయపడ్తున్నరో చూసి, ఆ మనిషి కింద పని బాగుపడ్తదా ఖరాబైతదా చెప్పేదాన్ని.

మూలకు పండుకుంది

మొలకలు మంచిగ వచ్చినయి. వచ్చినంక ముసురు పట్టింది. వానకు నారు దెబ్బతింటదని దరోగ మడి మీద పొట్టి కట్టెలు పాతిచ్చి ఈత చాపలు కప్పిచ్చిండు. "నా హుకుం లేకుంట చాప ముడితె చూడు" అన్నడు. జోరు వానకు కప్పుడు తప్పు కాదు. వాన తెరిపియ్యంగనే తియ్యకపోవుడు తప్పు.

ఒకనాడు పొద్దుగాల చాప అంచు లేపి చూసిన. సలాదు మడిల మూలకు అరచెయ్యంత జాగల నారు ఒరిగి ఉంది. ఆకులు పచ్చగున్నయి. అత్తను పిలిచిన. ఆమె వంగి చూసి, ఒకదాన్ని వేలితోని లేపి, మళ్ల మెల్లగ పండుకోబెట్టింది.

"మూలకు పండుకుంది" అన్నది. "చాపలు తియ్యాలె. గాలి తగలాలె. నీళ్లు బంద్ చెయ్యాలె. ఆ మూల మట్టితోని సహా తవ్వి పారేసి బూడిద సల్లాలె. జల్దీ పోయి సాబును అడుగుండ్రి."

నేను, ఏసోబు పోయినం. అత్త కూడ మా ఎనకనే వచ్చి జర దూరంల నిలబడ్డది. దరోగ మోటబావికాడ ఉన్నడు.

"నారు ఎట్లుంది?" అని అడిగిండు.

"మూలకు పండుకుంది సాబ్" అన్నడు ఏసోబు.

దరోగ మొఖం ఇప్పారింది. వచ్చినకాడికెళ్లి ఆయన నవ్వంగ నేను చూసింది గప్పుడే.

"పండుకుందా? అచ్ఛా. పండుకోనీ, పండుకోనీ. చిన్న పిల్లలు పండుకుంటెనే గదా పెరిగేది. ఎవ్వరు దగ్గరికి పోవద్దు. చాపలు ఇంక కిందికి దించుండ్రి. పొద్దుమాపు నీళ్లు కొట్టుండ్రి, సల్లగ పండుకుంటయి."

నేను ఆగలేక "సాబ్, మొదలుకాడ సన్నబడ్డయి" అన్న. "సన్నగుంటె ఏంది? పెరిగినంక లావైతయి" అని చెయ్యి ఊపి పోయిండు. పోయి మడికాడ కావలి కూడ పెట్టిండు, నారు నిద్ర చెడగొట్టకుంట.

ఇప్పుడు చెప్తుంటె నాకూ నవ్వొస్తది. ఆనాడు ఏసోబును చెట్ల సాటుకు గుంజి అడిగిన. "ఎందుకు సక్కగ చెప్పలే?"

"ఏమని చెప్పాలె? అమ్మ ఇనబడే దూరంల ఉంది."

"నువ్వు దండుల పోతవ్ తెలుసా?"

"తెలుసు" అన్నడు. "ఆ మాట నా నోట్లెకెళ్లి వస్తె అన్న ఏమైతడోనని అమ్మ పానం పోతది. నాతోని కాదు."

నాకు ఒళ్లు మండింది. నేనే పోయి చెప్త అనుకున్న. గని నా చెయ్యి కడుపు మీదికి పోయింది. కడుపుతోని ఉన్నదాన్ని, ఆ మాట బాట పడితె మొదలు దొరికేది నా కడుపుల బిడ్డనే గదా. ఒక్క మాట. చిన్న పోరగాళ్లు దినమంత అనే మాట. ముగ్గురం నోరు కుట్టుకొని కూసున్నం. మాకు ఎదురుంగ నారు ఒరుగుతనే ఉంది.

ఆదివారం

అరచెయ్యంత ఉన్నది చాటంత అయింది. కావలోడు దగ్గరికి రానిస్తలేడు. హుకుం ప్రకారం పొద్దుమాపు నీళ్లు పడుతున్నయి. చాపల కింది నుంచి ముక్కిన వాసన వస్తాంది. మా అత్త మడి గట్టు మీద కూసొని లేస్తలేదు. అన్నం తీసుకపోతె "అటు పెట్టు పిల్లా" అంటుండె. మాపటికి అది అట్లనే ఉంటుండె.

ఆదివారం మేం ప్రార్థనకు పోయేటందుకు తయారైనం. బండ్లు వచ్చే దినం దగ్గరికొచ్చింది. దరోగ అటుదిక్కు వచ్చిండు. పొద్దుగాలనే మంచి ఖుషీల ఉన్నడు.

"ఏం ముసలవ్వా, ఇంక పండుకునే ఉన్నయా?" అన్నడు.

మా అత్త లేసింది. ప్రార్థనకని కట్టుకున్న తెల్ల చీర కొంగు నెత్తి మీద సర్దుకుంది. ఒకసారి ఏసోబు దిక్కు చూసింది. తర్వాత తూర్పు దిక్కు చూసింది, చానాసేపు. నేను ఆమె పక్కనే ఉన్న.

"నీ బాంచెన్ సాబూ" అన్నది. "పండుకోలే. సచ్చింది. ఆ మూలంత సచ్చింది. చాపలు తియ్యకుంటె మిగిలింది కూడ సస్తది."

ఏసోబు రెండు చేతులతోని చెవులు మూసుకున్నడు. నేను కడుపు పట్టుకొని ఉన్నకాడ్నే కూసున్న.

"సచ్చిందా?" అన్నడు దరోగ. "మరి నీ కొడుకు పండుకుందన్నడు?"

"మేం గట్లనే అంటం సాబూ. మాకు ఆ మాట రాదు."

ఆయన ఎవ్వర్నీ పిలవలే. షేర్వానితోనే బురదల దిగి మొదటి చాప ఆయననే గుంజి పారేసిండు. "దొరకు ఏం చెప్పాలె, యా అల్లా, దొరకు ఏం చెప్పాలె" అనుకుంటనే ఇంకో చాప గుంజిండు. ఆయన కూడ మా లెక్కనే నిద్రలేక తిరుగుతున్నడని నాకు గప్పుడే తెలిసింది.

ప్రార్థన లేదు, ఏం లేదు. ఒరిగిన జాగంత మట్టితోని ఎత్తి తోట అవతల పారేసినం. చుట్టూ పొడి బూడిద సల్లినం. ఒత్తుగున్నకాడ పలచన చేసినం. నీళ్లు బంద్. మా అదృష్టానికి ఎండ కాసింది. నడుమ నారు నిలబడ్డది. పక్కన ఇంకో మడి కాల్చి మళ్ల పోసినం.

బండ్లు వచ్చిననాడు గోబి నారు నిండ ఇచ్చినం, సలాదు సగానికి తక్కువ. క్యాంపు మనిషి మడి దిక్కు చూసి మిగతాది ఏదని అడిగిండు. ఏసోబు తల వంచుకొని నిలబడ్డడు. దరోగ గొంతు సవరిచ్చుకొని అన్నడు.

"అవి పండుకున్నయి జీ. జర టైం ఇస్తె లేస్తయి."

క్యాంపు మనిషి తల ఊపి బండి ఎక్కిండు. తర్వాతి బండ్లకు కొత్త మడి నారు అందింది. నా పెనిమిటి దండుల పోలే.

నేను పెట్టిన కట్టడి

మీరు ఈ పనిల ఎంతకాలం ఉన్నా, మడికాడ నాది ఒక్కటే కట్టడి. నారు సస్తె సచ్చింది అనాలె. ముందుగాల అనాలె, పెద్ద గొంతుతోని అనాలె. "జర నీరసంగుంది", "రంగు మారింది" అని నసుగుడు వద్దు. అరచెయ్యంత ఉన్నప్పుడు అంటె మడి దక్కుతది. చాటంత అయినంక అంటె సగం దక్కుతది. నా కింద పని చేసిన పిల్లలు నన్ను కర్కశురాలంటుండ్రి. అననీ. భయపడుండ్రి, అది మంచిదే. భయపడి నోరు మూసుకోకుండ్రి.

ఇంకొకటి. పైన ఉన్న సాబుకు మన మాటలు తెల్వయి. ఆయన తలకాయ ఊపితె తెలిసిందని అనుకోవద్దు. చేతిల పెట్టి చూపియ్యాలె. ఆనాడు నేను ఒరిగిన నారొకటి తెంపి దరోగ చేతిల పెట్టి ఉంటె అక్కడికే అయిపోయేది. ఎవ్వరికీ తోచలే.

మా అత్తకు చెప్పింది

మడి దక్కింది, కొడుకు దక్కిండు. మా అత్త మాత్రం ఆనాటి సంది మనిషి మారింది. బాట మీద కొత్త మనిషి ఎవరు కనబడ్డా లేసి నిలబడేది. తను అన్న మాట తూర్పు దిక్కు పోయిందని ఆమె నమ్మకం. చిన్నోని కోసం పెద్దోన్ని ఇచ్చినట్టు లోపల్లోపల కుములుతుండె. నాకు కొడుకు పుడితె ఎత్తుకుంది గని, మొఖం సూసేందుకు మస్తు దినాలు భయపడ్డది.

జంగ్ బందైనంక సూరారం మనిషొకడు ఆ దండు నుంచి తిరిగొచ్చిండు. మేడ్చల్ అంగట్ల ఏసోబును గుర్తుపట్టి చెప్పిండు. మా బావ జ్వరం వచ్చి అక్కడ్నే పోయిండట. ఎప్పుడని ఏసోబు అడిగితె, ఆ యేడు ఎండకాలంలనే అన్నడట. ఇక్కడ మేం ఆ మడికి విత్తనం కూడ పోయకముందే.

బావి ఎనక నిలబడి ఏసోబు నాకు ఈ సంగతి చెప్పి ఏడ్చిండు. అత్తకు ఎట్ల చెప్పాలె? పోయిండన్న మాట చెవుల పడంగనే "నేనే చంపిన" అంటది. ఎప్పుడు పోయిండో చెప్పేదాక ఆమె పానం ఆగుతదా అని మాకు భయం. ఈయాల రేపు అనుకుంట ఇద్దరం లోపల పెట్టుకున్నం. ఆమె మాత్రం ప్రతి ఎండకాలం దండెం మీది గొంగడి దించి, దులిపి, ఎండకేసి, మళ్ల దండెం మీద ఏస్తుండె.

ఒక సలికాలం ఆమె మంచం పట్టింది. పగటి పూట గుడిసె ముందల ఎండల మంచం ఏసి పడుకోబెట్టేదాన్ని. ఏసోబు మడికాడ ఉన్నడు. నేను పక్కన కూసొని మెంతాకు తెంపుతున్న.

"ఎస్తేరూ" అన్నది. "పెద్దోని సంగతి నీకు ఎరికే. నీ మొఖంల నాకు చానా దినాల నుంచి కనబడ్తాంది. చెప్పు బిడ్డా."

ఊరందరికి సక్కగ చెప్పుమని చెప్పేదాన్ని నేను. నా నాలిక తిరగలే.

"పండుకున్నడు అత్తా" అన్న.

ఆమె కండ్లు మూసుకోలే. నా దిక్కే చూస్తాంది.

"ఎప్పుడు?"

"ఎండకాలంల. నువ్వు ఆ మాట అనకముందే. వానలు పడకముందే పండుకున్నడు. సూరారం మనిషి పక్కనే ఉండెనట."

ఆమె కుడిచేతి వేళ్లు, విత్తనం వదిలినట్టు, మెల్లగ ఒకదానికొకటి రుద్దుకుంటున్నయి.

"అయితె నేను కాదన్నట్టు" అన్నది.

"కాదత్తా. నువ్వు కాదు."

అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడ్వంగ నేను చూసింది అదొక్కసారే. ఏడ్చి ఏడ్చి నా మనికట్టు పట్టుకొని కండ్లు మూసింది. పానం పోయిందా, నా మాటతోనే పోయిందా అని, ముక్కుకాడ వేలు పెట్టి చూస్తనే కూసున్న. మెంతాకు అట్లనే వాడిపోయింది.

పొద్దు వాలినంక ఆమె కండ్లు తెరిచింది. కొత్త మడి మీది గడ్డి తీసిండ్రా అని అడిగింది. ఆకలైతాంది, జొన్న గటక జర ఎక్కువ పొయ్యుమన్నది.